అవతలి చెవి కోసం: క్యాసెట్టు నుండి వాట్సాప్ దాకా

ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివిన పాఠకులకు ఒక ప్రయోగం జ్ఞాపకం ఉండే ఉంటుంది. గంధకామ్లం చేర్చి వేడిచేసిన ఆక్జాలిక్ ఆమ్ల ద్రావణంలోకి బ్యూరెట్ నుండి పొటాషియం పర్మాంగనేట్‌ను చుక్క చుక్కగా వదులుతాము. మొదటి చుక్క పడగానే ద్రావణమంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఒక పట్టాన పోదు. ప్రయోగం చెడిందేమోనని విద్యార్థి బిక్కమొహం వేసుకుని చూస్తూండగానే రంగు విరుగుతుంది. అటుపైన చుక్కలు పడుతూనే మాయమవుతాయి. ఈ చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే ఆ చర్యకు ఉత్ప్రేరకాలు కావటం ఇందుకు కారణం. మొదటి చుక్కకు తోడు లేదు. పదవ చుక్కకు ముందరి తొమ్మిది చుక్కలు చేసిన పని తోడుంది. దీనిని స్వయం ఉత్ప్రేరణ అంటారు.

కొత్త వస్తువులు జనంలోకి వ్యాపించే తీరు కూడా ఇటువంటిదే. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర జాతి మొక్కజొన్న విత్తనాన్ని రైతులు ఎట్లా స్వీకరించారో రయన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు 1943లో ప్రకటించారు. 1928 ప్రాంతంలో బయటికి వచ్చిన ఆ విత్తనాన్ని తొలి సంవత్సరాలలో అతి కొద్దిమంది చల్లారు. పిమ్మట చూస్తూండగానే అందరూ దారికి వచ్చారు. వారు పరిశీలించిన 259 మంది రైతులలో 1941 నాటికి చల్లనివారు ఇద్దరే మిగిలారు.

విత్తనమైతే ఊరిలో ఒక్కడు చల్లినా పంట పండుతుంది. ఊరంతటికీ ఒక్కటే టెలిఫోను ఉంటే అది ఎవరి ఇంట మోగాలి? వార్తా సాధనానికి అవతలి కొస కావాలి. ఆ కొసన ఉన్న మనిషికి చదువు వచ్చునా, చేతిలో డబ్బెంత, పక్కన వినేవారెవరు అన్నవే ఆ సాధనం నిలిచేదీ లేనిదీ తేలుస్తాయి. యంత్రం గొప్పతనం తరువాతి మాట. గల్ఫ్ దేశాలకు వచ్చిన తెలుగువారి అనుభవం దీనికి చక్కని నిదర్శనం.

మన దేశానికీ ఈ గల్ఫ్ సముద్రానికీ తీగ సంబంధం కొత్తది కాదు. 1839లో కలకత్తా వద్ద తంతి ప్రయోగాలు చేసిన ఓషానెస్సీ అక్కడి వైద్య కళాశాలలో రసాయన శాస్త్ర ఆచార్యుడు. (మా వృత్తివాడని చెప్పుకోవటానికి నాకు కొంత గర్వమే.) 1864లో గ్వాదర్ నుండి ముసందం, బుషెహర్‌ల మీదుగా ఫావ్ వరకు సముద్రగర్భంలో తంతి తీగ పరచారు. ఉప్పునీరు చొరకుండా దానికి వేసిన తొడుగు గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థం. రబ్బరూ అదీ ఒకే ఐసోప్రీన్ అణువుల గొలుసులు. తేడా అంతా అణువుల అమరికలోని మెలికలోనే ఉంది. ఇంత చేసినా తంతి మన పల్లెవాసికి చుట్టం కాలేదు. మాటకు ఇంత అని రుసుము గనుక సామాన్యుడి ఇంటికి చావు కబురో, జబ్బు కబురో తప్ప టెలిగ్రాం వచ్చేది కాదు. తంతివాడు వీధి మలుపు తిరిగితే, విప్పి చదవకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. 2013 జూలైలో మన దేశంలో ఆ సేవ నిలిచిపోయినప్పుడు బెంగ పెట్టుకున్నవారు చాలామంది ఉన్నారు గాని, ఆ ఏడుపులు విన్నవారు అందులో తక్కువేనని నా ఊహ.

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్‌లో పనులు పెరిగాయి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి పురుషులు, కడప, గోదావరి జిల్లాల నుండి స్త్రీలు కూడా పెద్ద సంఖ్యలో వలస వచ్చారు. అప్పుడు ఉన్న సాధనం ఉత్తరం. రాయటం, చదవటం రాని ఇంట ఉత్తరానికి మూడో మనిషి కావాలి: రాసిపెట్టే గది స్నేహితుడు ఈవల, చదివిపెట్టే పోస్టుమానో, బడిపంతులో ఆవల. భార్యాభర్తల మాట ఇద్దరు పరాయివారి నోట నలిగి చేరవలసిందే. కనుక ఉత్తరంలో క్షేమసమాచారమూ, పంపిన డబ్బు లెక్కా తప్ప మరేమీ ఉండేవి కావు. చెప్పవలసినది చెప్పకుండానే ఏళ్ళు గడిచిపోయేవి.

ఈ మూడో మనిషిని తప్పించినది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో దీనిని బయటికి తెచ్చినప్పుడు ఆఫీసులలో డిక్టేషను వంటి పనులకని తలచింది. కడప జిల్లా ఇల్లాలు కువైట్ నుండి పసిబిడ్డకు జోలపాట పంపుకుంటుందని ఆ ఇంజనీర్లలో ఎవరు ఊహించి ఉంటారు? ఊరికి వెళ్ళేవారి సంచిలో బట్టలతోపాటు క్యాసెట్టు ఉండేది. వారు తిరిగి వచ్చేటప్పుడు పచ్చడి సీసాతోపాటు జవాబు ఉండేది. అందులో మాటలతోపాటు కోడి కూత, చుట్టుపక్కల అరుపులు, ముసలితల్లి దగ్గు అన్నీ వచ్చేవి. తలుపు వేసుకుని వినవచ్చు. ఎన్నిమార్లయినా వినవచ్చు.

ఆ గొంతును మోసినది తుప్పు! గామా ఫెర్రిక్ ఆక్సైడ్ అనే ఇనుప ఆక్సైడ్, మైక్రోనుకు లోబడిన సూదుల రూపంలో, బంకతో కలిపి పాలియెస్టర్ పట్టీ మీద పూసినదే టేపు. అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. కనుక అరవై నిమిషాల క్యాసెట్టులో, ఒక్కొక్క వైపు అరగంట లెక్కన, సుమారు 86 మీటర్ల పట్టీ ఉంటుంది. ఒక్కొక్క మాటకు కొద్దిపాటి తుప్పు.

ఇందులో ఒక చిత్రమున్నది. చుట్టగా ఉన్న టేపులో ఒక పొర మీది అయస్కాంతత్వం పక్కపొరకు కొద్దిగా అంటుతుంది. వేడి తగిలితే ఇంకా ఎక్కువ అంటుతుంది. ఎండలో చాలాకాలం ఉన్న క్యాసెట్టును వేస్తే, ఒకటి రెండు సెకన్ల ముందే ఆ మాట నూతిలోనుండి వచ్చినట్లు సన్నగా వినిపిస్తుంది. అమ్మ పిలవబోయే ముందే పిలుపు వినిపించిందని మా చిన్నతనంలో ఆశ్చర్యపోయేవాళ్ళం.

తరువాత వచ్చిన ఎస్.టి.డి. బూత్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మాట వెంటనే చేరింది గాని మూడో మనిషి తిరిగి వచ్చాడు. పక్కింటి ఫోను నంబరు ఇచ్చి పక్కన పి.పి. అని రాసుకున్న రోజులవి. ఆ ఇంటి నడిమింట్లో, పదిమంది ఎదుట, నిమిషాల లెక్కన ఆలుమగలు ఏమి మాట్లాడుకోగలరు?

సెల్‌ఫోను వచ్చాక చెవి సొంతమైంది, ధర మాత్రం భారంగానే ఉండిపోయింది. దానికి జనం కనిపెట్టిన విరుగుడు మిస్‌డ్ కాల్. ఏ కంపెనీ దానిని ప్రకటించలేదు, ఏ పుస్తకమూ నేర్పలేదు. ఒక్కసారి మోగి ఆగితే క్షేమంగా చేరానని, రెండుమార్లు మోగితే నువ్వు చేయమని. ఇటువంటి పద్ధతినే జొనాథన్ డానర్ అనే పరిశోధకుడు ర్వాండాలో పరిశీలించి 2007లో వ్యాసం ప్రచురించాడు. డబ్బున్నవాడే తిరిగి చేయాలన్నది అక్కడి మర్యాదలలో ముఖ్యమైనది. మన ఊళ్ళలో గల్ఫ్ నుండి డబ్బు పంపే కొడుకే తిరిగి చేయాలన్నదీ అదే.

సందేశాల సంగతి వేరు. 1992 డిసెంబరు 3న మొదటి ఎస్.ఎం.ఎస్. వెళ్ళింది. అందులో పట్టేది 140 బైట్లు మాత్రమే. ఇంగ్లీషు అక్షరాలైతే 160. తెలుగు లిపిలో రాస్తే 70. తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది గాని అందులో ఒత్తుకూ గుడికీ విడివిడిగా లెక్క. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి ఆరు స్థానాలు పోతాయి. నాటి ఫోన్లలో చాలావాటికి తెలుగు చూపటమే తెలియదు. మనవారు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కుదించి రాయటం భాషాభిమానం లేక అని నిందించే పెద్దలు ఈ లెక్క గమనించగలరు. అయితే ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడా రాని అమ్మకు ఈ సందేశం మళ్ళీ ఉత్తరమే. చదివిపెట్టేందుకు ఎవరో ఒకరు కావాలి.

2013 ఆగస్టులో వాట్సాప్‌లో గొంతు సందేశం వచ్చింది. నా దృష్టిలో అది కొత్త సాధనం కాదు, క్యాసెట్టు తిరిగి రావటం. అదే ఏకాంతం, తీరికగా వినే వీలు, మళ్ళీ మళ్ళీ వినే వీలు. సంచి మోసేవాడు మాత్రం అక్కరలేదు. అల్ అజీజియాలో శుక్రవారం ఉదయం వీధిలో నడిస్తే, ఫోనును చెవికి కాక పెదవుల ముందు పళ్ళెంలా పట్టుకుని మాట్లాడేవారు ఎందరో కనిపిస్తారు. అందులో అరవై ఏళ్ళ మేస్త్రీ ఉంటాడు, ఎనిమిదేళ్ళ మన పిల్లలూ ఉంటారు. పిల్లలకు తెలుగు నోటికి వచ్చును, చేతికి రాదు. నాయనమ్మకూ అంతే. వారిద్దరూ ఒకరికొకరు సరిపోయిన కొసలు. పిల్లలకు అక్షరాలు నేర్పవలసిందే, సందేహం లేదు. అది నేర్చేదాకా ఈ మాటలను ఆపవద్దని నా మనవి.

ఇక పాత క్యాసెట్లు. మీ ఇంటి అటకమీద ఉంటే ఈ సెలవుల్లోనే దించండి. ఇనుప ఆక్సైడ్ చెక్కుచెదరదు, చెడేది బంక. అది గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడవచ్చు, బూజు పట్టవచ్చు. బూజు కనిపిస్తే మీటలు నొక్కకుండా తెలిసినవారికి చూపించండి. లేకుంటే ముందుగా వెనుక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ రెక్కలు విరవండి; అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా మాట చెరగదు. టేపును ఒకసారి ఆ చివరినుండి ఈ చివరికి చుట్టి, లోపలి చిన్న ఉన్నిముక్క ఊడిందేమో చూచి, మంచి ప్లేయరు నుండి కంప్యూటరుకు ఎక్కించండి. రెండో వైపు కూడా తిప్పి వినండి. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టగల పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని, పేరు, ఊరు, సంవత్సరం అట్టమీద రాయించుకోండి.