చదువకయే చేసిన చేవ్రాలు

భూమిని కొనునపుడును, అప్పు తీసికొనునపుడును పత్రము వ్రాయించుట మన దేశమున చిరకాలముగా నున్న ఆచారము. చదువురానివానికి ఆ పత్రమును చదివి వినిపించి, పిమ్మట వ్రేలిముద్ర వేయించెడివారు. తెలియని మాటకు కట్టుబడుట అపాయకరమని పెద్దలెరుగుదురు.

నేడు చదువుకొన్నవారే పత్రములను చదువక సమ్మతించుచున్నారు. కంప్యూటరులోగాని, సెల్‌ఫోనులోగాని క్రొత్త సాఫ్టువేరును చేర్చుకొనునపుడు తెరపై లైసెన్సు ఒప్పందము కనిపించును. సాఫ్టువేరును కొనినవాడు సాధారణముగా దానికి యజమాని కాడు. కొన్ని నియమములకు లోబడి వాడుకొను అనుమతిని మాత్రమే పొందును. ఆ నియమములే ఒప్పందమున నుండును. క్రిందనున్న "అంగీకరించుచున్నాను" అను మీటను నొక్కుట చేవ్రాలు చేయుట వంటిది. అమెరికాలో 1996లో ఒక అప్పీలు న్యాయస్థానము ఇట్టి ఒప్పందము కొన్నవానిని బంధించునని తీర్పు చెప్పెను.

దీనిని నిజముగా చదువువారెందరు? అమెరికాలోని పి.సి. పిట్‌స్టాప్ అను సంస్థ ఒక పరీక్ష చేసెను. తన ఒప్పందము నడుమ, ఫలానా చిరునామాకు వ్రాసినవారికి బహుమానము లభింపవచ్చునని ఒక వాక్యము చేర్చెను. నాలుగు నెలలు గడచెను. 3,000 మందికి పైగా ఆ సాఫ్టువేరును తీసికొనిరి. తుదకు ఒక్కడు మాత్రము వ్రాసి 1,000 డాలర్లు పొందెను.

2016లో వెలువడిన మరియొక పరిశోధన యింతకన్న విచిత్రమైనది. పరిశోధకులిద్దరు ఒక కల్పిత సంస్థ పేర నియమావళిని తయారుచేసి 543 మంది విశ్వవిద్యాలయ విద్యార్థుల ముందుంచిరి. రుసుమునకు బదులు తొలి బిడ్డను సంస్థకు అప్పగింపవలెనని అందులో నుండెను! నూటికి 98 మంది దానిని గమనింపలేదు. చదువుటకు పావుగంట పట్టు ఆ నియమావళిపై వారు సగటున 51 సెకనులు మాత్రమే వెచ్చించిరి.

దీనికి సోమరితనమొక్కటే కారణము కాదు. ఒప్పందములు మిక్కిలి దీర్ఘములు. భాష న్యాయవాదులకు దక్క అన్యులకు సుబోధము కాదు. ఒక అమెరికా పౌరుడు తాను చూచు వెబ్‌సైట్లు స్వంత వివరములనుగూర్చి ప్రకటించు నియమములన్నిటిని చదువుటకు ఏటికి సుమారు 200 గంటలు పట్టునని 2008లో ఇరువురు పరిశోధకులు లెక్కకట్టిరి. అంతియేగాక, సంతలో కూరగాయలకు బేరమాడవచ్చును. ఇచ్చట బేరము లేదు. సమస్తమును అంగీకరింపవలెను, లేదా విడిచిపోవలెను. చదివినను మార్పు లేనపుడు చదువనేల యని జనులు తలంతురు.

కాని మీట నొక్కినవాని పేరు, చిరునామా, ఫొటోలు ఎవరి చేతికి పోవునో ఆ వాక్యములే నిర్ణయించును. కావున ఈ భారము చదువరిపైననే మోపుట న్యాయము కాదు. 2023లో భారత పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఈ దిశగా ఒక అడుగు. సమ్మతి కోరు ప్రకటనను ఆంగ్లమునగాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనగాని చదువుకొను వీలు కల్పింపవలెనని అది విధించుచున్నది. వానిలో తెలుగు నొకటి. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములకు తల్లిదండ్రుల సమ్మతి వలయునని కూడ ఆ చట్టము చెప్పుచున్నది.

ప్రతి పంక్తిని చదువుట యెవరికిని సాధ్యము కాకపోవచ్చును. అయినను ఏ వివరములు తీసికొందురు, వానిని ఎవరికిత్తురు, సొమ్ము ఎప్పుడు వసూలు చేయుదురు అను మూడు సంగతులను వెదకి చూచుట కొలది నిమిషముల పని. అవి బోధపడనిచో తెలిసినవారి నడుగవలెను. తెలిసి యిచ్చినదే సమ్మతి. తెలియక నొక్కినది వ్రేలి కదలిక మాత్రమే.