అమాక్సిసిలిన్ బ్యాక్టీరియానే ఎందుకు చంపుతుంది?

సూరత్‌లోని అమ్రోలిలో కొన్నా, మన అమలాపురంలో కొన్నా అమాక్సిసిలిన్ పనిచేసే తీరు ఒకటే. బ్యాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఉంటుంది. బ్యాక్టీరియా పెరిగేటప్పుడు గోడలోని పోగులను ఎంజైములు ఒకదానికొకటి కలిపి కుడుతుంటాయి. మందు ఆ ఎంజైములకే అతుక్కుని వాటి పని ఆపేస్తుంది. కుట్లు పడని గోడ బలహీనపడుతుంది. నీరు లోపలికి చొరబడుతుంది, ఒత్తిడికి బ్యాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకు అలాంటి గోడే లేదు, అందుకే మందు వాటి జోలికి రాదు. ఎంత చక్కని ఉపాయం! వైరస్‌లకూ ఆ గోడ లేదు కాబట్టి, వైరస్‌ల వల్ల వచ్చే జలుబుకు ఇది పనికిరాదు.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజులో కనిపెట్టిన పెన్సిలిన్ కుటుంబానిదే ఈ మందు. దీని ముడిసరుకైన పెన్సిలిన్-జి తయారీ 2024లో కాకినాడ దగ్గర మొదలైంది.

స్ట్రిప్ వెనక నిలువుగా ఎర్రగీత చూశారా? డాక్టరు రాస్తేనే వాడాలని దాని అర్థం. చెప్పినన్ని రోజులూ వాడండి.