ఇరుగుపొరుగు మతాల పోరు: అపోహలు – వాస్తవాలు

అపోహ: నీరో కొలోసియంలో క్రైస్తవులను సింహాలకు వేయించాడు.

నీరో 68లో చనిపోయాడు. కొలోసియం తెరిచింది 80లో. 64లో రోమ్ తగలబడ్డాక క్రైస్తవుల మీద నింద మోపి క్రూరంగా చంపించాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ దారుణాన్ని కొలోసియంలోకి చేర్చింది తర్వాతివాళ్లే.

అపోహ: మూడు వందల ఏళ్లపాటు రోమ్ క్రైస్తవులను వెతికి వెతికి చంపింది.

సుమారు 112లో బితూనియ గవర్నరు ప్లినీ ఏం చెయ్యాలో తోచక ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. వాళ్లను వెతకొద్దు, ఆకాశరామన్న ఉత్తరాలను లెక్కచేయొద్దు, మన దేవతలకు మొక్కినవాణ్ని వదిలెయ్, మొండికేసినవాణ్ని శిక్షించు అన్నది ట్రాజన్ జవాబు. న్యాయమని అనలేం గానీ వేట మాత్రం కాదు. సామ్రాజ్యమంతటికీ వర్తించే ఆజ్ఞలు 249లో డెసియస్, 303లో డయోక్లెటియన్ కాలానికి గానీ రాలేదు.

అపోహ: యూదులు, క్రైస్తవులు మొదటి శతాబ్దంలోనే పూర్తిగా విడిపోయారు.

అసలు తమాషా ఇక్కడుంది. 386లో అంతియొకయలో యోహాను క్రిసోస్తం అనే పాదిరి యూదులను దుమ్మెత్తిపోస్తూ ప్రసంగాలు మొదలుపెట్టాడు. చదివితే ఒళ్లు జలదరించే తిట్లవి. ఇంతకీ ఆయన కోపమంతా సొంత సంఘస్థుల మీదే. వాళ్లు యూదుల పండుగలకు సమాజమందిరానికి (యూదుల ప్రార్థనాస్థలానికి) పోతున్నారు, వాళ్లతో కలిసి ఉపవాసాలుంటున్నారు, రోగాలు నయం చేసుకోవడానికీ అక్కడికే పరుగెడుతున్నారు. ఒక క్రైస్తవుడైతే ప్రమాణం చేయించడానికి ఒకావిణ్ని అక్కడికే ఈడ్చుకెళ్లబోయాడట. అక్కడి ఒట్టుకు భయం ఎక్కువని జనం నమ్మకం! గోడ నిజంగా ఉంటే అంత గొంతు చించుకోవాల్సిన పనేముంది?

యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపస్‌లోనూ అంతే. సుమారు 256లో శత్రువుల చేతికి చిక్కిన ఆ ఊళ్లో, కోటగోడ వెంబడి సాగే ఒకే వీధిలో బొమ్మలతో నిండిన సమాజమందిరం, క్రైస్తవుల ప్రార్థనాగృహం, మిత్ర దేవుడి గుడి తవ్వకాల్లో బయటపడ్డాయి.

అపోహ: కాన్‌స్టంటైన్ క్రైస్తవాన్ని రాజమతం చేశాడు.

313లో దక్కింది అన్ని మతాలకూ స్వేచ్ఛ. రాజమతం చేసింది 380లో థియోడోసియస్ చక్రవర్తి.

అపోహ: ఆ తర్వాత చక్రవర్తి, చర్చి ఒకే మాట మీద నడిచారు.

388లో కల్లినికం అనే ఊళ్లో క్రైస్తవ గుంపు సమాజమందిరాన్ని తగలబెట్టింది. అక్కడి బిషప్పే కట్టించివ్వాలన్నాడు థియోడోసియస్. మిలాను బిషప్ ఆంబ్రోస్ అడ్డం తిరగడంతో వెనక్కి తగ్గాడు. 391లో గుళ్లలో బలులు నిషేధించింది ఈ థియోడోసియసే. మళ్లీ 393లో, యూదుల మతాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు, వాళ్ల మందిరాలు కూల్చేవాళ్లను శిక్షించాలి అని శాసనం చేసిందీ ఈయనే.