ఇద్దత్ రోజులు, ఇంటి కిస్తీలు

భర్త మరణించిన స్త్రీకి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. బ్యాంకు లెక్క వేరు. ఇంటి రుణం కిస్తీ 90 రోజులకు మించి బాకీ పడితే అది మొండి బకాయి అవుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. అంటే ఇద్దత్ ముగియకముందే ఇల్లు చిక్కులో పడుతుంది.

అందుకే పరామర్శకు వెళ్లినప్పుడు ఇంటి కాగితాలు కూడా చూడమని మేము చెబుతాము. రుణంతోపాటు బీమా తీసుకున్నారా? భర్త ఖాతాలో ఏటా 436 రూపాయలు కోత పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కావచ్చు. నామినీకి 2 లక్షలు వస్తాయి. రుణపత్రంలో భార్య కూడా సహ రుణగ్రహీతగా ఉంటే మిగిలిన బాకీకి ఆమె బాధ్యురాలే. కిస్తీ తగ్గించి గడువు పెంచమని ఆమె సంతకంతో అర్జీ రాసి, మరణ ధ్రువపత్రం జతచేసి, అన్నదమ్ములెవరైనా బ్యాంకులో ఇవ్వవచ్చు.

తర్వాత బియ్యం, పాలు, కరెంటు, పిల్లల ఫీజు, కిస్తీ ఒకే కాగితంపై రాయాలి. ఆదాయానికి ఎంత తగ్గుతుందో అప్పుడు తెలుస్తుంది.

వడ్డీ రుణం ఎందుకు తీసుకున్నారని అడిగే సమయం కాదది. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారు (తౌబా సూరా, 60వ ఆయతు). ఎవరికి వర్తిస్తుందో ఆలిములను అడిగి నిర్ణయించుకుందాం.

దాతలైన సోదర సోదరీమణులకు మా విన్నపం ఒక్కటే. రంజాన్‌లో ఇచ్చే జకాత్‌తోపాటు నెలనెలా కొంత సదఖా ఇవ్వండి. అలాంటి ఇంటికి మొదటి మూడు కిస్తీలు సమయానికి అందితే పిల్లల తలపై కప్పు నిలుస్తుంది.