పాత కంప్యూటరు.. మళ్లీ పలుకుతుంది!

హన్మకొండ: అటకెక్కిన పాత ల్యాప్‌టాప్ తూకానికి అమ్మడానికి తప్ప ఎందుకూ కొరగాదన్నది సాధారణ అభిప్రాయం. అందులో వైఫై ఉండదు. నేటి వెబ్‌సైట్లు తెరుచుకోవు. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు సైతం కనిపించదు. అయినప్పటికీ వెనుక భాగంలో తొమ్మిది లేదా ఇరవై అయిదు పిన్నుల సీరియల్ పోర్టు ఉంటే చాలు, ఆ యంత్రం నేటికీ ప్రపంచంతో మాట్లాడగలదు. అందులో చిక్కుబడిన పాత దస్త్రాలను బయటకు తీయడానికి కూడా అదే దారి.

తెరపై రచ్చబండ
ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందు ఔత్సాహికులు ‘బులెటిన్ బోర్డు’లను నడిపేవారు. ఒక కంప్యూటరు, ఒక మోడెమ్, ఒక టెలిఫోను లైను.. ఇదే సరంజామా. దూరాన ఉన్నవారు తమ మోడెమ్‌తో ఆ నంబరుకు ఫోను చేసి సందేశాలు చదివేవారు, జవాబులు రాసేవారు. లైను ఒక్కటే అయితే ఒకరు ముగించిన తరువాతే మరొకరికి అవకాశం. అమెరికాలోని షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, ర్యాండీ స్యూస్ 1978 ఫిబ్రవరి 16న ఇటువంటి తొలి బోర్డును ప్రారంభించారు. మంచు తుపానులో నగరం స్తంభించినప్పుడు దానికి అంకురార్పణ జరిగింది.

మన దేశంలో ముంబయి వంటి నగరాల్లో 1990లలో ఈ బోర్డులు నడిచాయి. వరంగల్ వాసులు వాటిని అందుకోవాలంటే ఎస్టీడీ ఛార్జీలు భరించవలసిందే. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించిన తరువాత బోర్డుల ప్రాభవం క్రమంగా తగ్గింది.

విలేకరుల సంచిలో యంత్రం
ఆ కాలపు పోర్టబుల్ కంప్యూటర్లలో 1983లో వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100 ప్రసిద్ధమైనది. నాలుగు చిన్న పెన్సిల్ సెల్‌లతోనే గంటల తరబడి పనిచేసే ఈ యంత్రాన్ని విదేశీ విలేకరులు వెంట తీసుకువెళ్లి, ఫోను తీగ ద్వారా వార్తలు పంపేవారు. తెరపై ఎనిమిది వరుసలు, వరుసకు నలభై అక్షరాలు. అందులోని మోడెమ్ వేగం సెకనుకు 300 బిట్లు, అంటే సుమారు 30 అక్షరాలు. తెర ఒకసారి నిండాలంటే పదకొండు సెకన్లు పడుతుంది.

ఫోను తీగతో చిక్కు
పాత పద్ధతిలో నేరుగా డయల్ చేయడం నేడు కష్టం. రాగి తీగల స్థానంలో ఫైబర్ వస్తోంది. ఫైబర్ లైనులో మాట డిజిటల్ ప్యాకెట్లుగా మారి ప్రయాణిస్తుంది. మనిషి గొంతుకు అది సరిపోయినా, మోడెమ్ కూతలోని సూక్ష్మ తేడాలు దారిలో చెదిరిపోతాయి. తక్కువ వేగాల్లో కొన్నిసార్లు పని జరిగినా ఎక్కువ వేగాల్లో లైను తెగిపోతుంది. పైగా ఫోను లైనుపై నడిచే బోర్డులు విదేశాల్లో కొద్దిగా మాత్రమే మిగిలాయి. అమెరికాలో ఏఓఎల్ సంస్థ సైతం 2025 సెప్టెంబరు 30న డయలప్ సేవను నిలిపివేసింది.

వైఫై మోడెమ్‌తో పరిష్కారం
ఉన్న బోర్డులలో అధిక భాగం ‘టెల్‌నెట్’ పద్ధతిలో ఇంటర్నెట్‌పైకి మారాయి. వాటిని చేరుకోవడానికి ‘వైఫై మోడెమ్’ అనే చిన్న పరికరం ఉపయోగపడుతుంది. ఈఎస్‌పీ8266 చిప్‌తో తయారయ్యే ఈ పరికరం ఒకవైపు సీరియల్ పోర్టుకు, మరోవైపు ఇంటి వైఫైకి అనుసంధానమవుతుంది. డయల్ చేయమంటూ పాత కంప్యూటరు ఇచ్చే ‘ఏటీడీటీ’ ఆదేశాన్ని అందుకుని, ఫోను నంబరుకు బదులు ఇంటర్నెట్ చిరునామాతో కలుపుతుంది. ఎదుట ఉన్నది అసలైన మోడెమే అని కంప్యూటరు భావిస్తుంది.

విండోస్ 95 నుంచి ఎక్స్‌పీ వరకు ఉన్న యంత్రాల్లో ‘హైపర్‌టెర్మినల్’ ప్రోగ్రామ్ సరిపోతుంది. ఎనిమిది డేటా బిట్లు, ప్యారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అని అమర్చి, వేగం రెండు వైపులా ఒకటే ఉండేలా చూడాలి. ఈ చిప్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే గుర్తిస్తుంది గనుక మొబైల్ హాట్‌స్పాట్‌ను ఆ బ్యాండ్‌లోనే ఉంచాలి. చిప్ 3.3 వోల్టులతో పనిచేస్తుంది. సీరియల్ పోర్టులో వోల్టేజీ అంతకన్నా ఎక్కువగా, రుణ, ధన దిశల్లో మారుతుంటుంది. కాబట్టి మధ్యలో మ్యాక్స్3232 వంటి మార్పిడి చిప్ లేకుండా కలిపితే పరికరం కాలిపోతుంది.

తెలుగు మాటేమిటి?
ఈ యంత్రాలకు యూనికోడ్ తెలియదు. ‘వరంగల్’ అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు. పాత తెరపై అది అర్థం లేని గుర్తులుగా కనిపిస్తుంది. అమెరికాలోని తెలుగువారు 1990లలో ఇదే ఇబ్బందిని ఎదుర్కొన్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘ఆర్‌టీఎస్’ పద్ధతితో తెలుగును ఆంగ్ల అక్షరాల్లో రాసుకుని చర్చలు సాగించారు. ఆ పద్ధతిలో ‘వరంగల్’కు ఎనిమిది అక్షరాలు చాలు. పాత తెరపై తెలుగు సంభాషణకు నేటికీ అదే సులువైన మార్గం.

దస్త్రాలే అసలు ధనం
సరదా సంగతి ఎలా ఉన్నా, అసలు ప్రయోజనం వేరే ఉంది. విద్యార్థి దశలో రాసిన ప్రాజెక్టు నివేదికలు, దుకాణం లెక్కలు, పెద్దల రాతలు పాత యంత్రాల్లో ఉండిపోయి ఉండవచ్చు. ఫ్లాపీ డ్రైవ్ చెడిపోయినా సీరియల్ పోర్టు పనిచేస్తే వాటిని కాపాడుకోవచ్చు. ‘నల్ మోడెమ్’ కేబుల్‌తో, యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ సాయంతో పాత, కొత్త కంప్యూటర్లను కలిపి, ‘ఎక్స్‌మోడెమ్’ పద్ధతిలో ఫైళ్లు పంపవచ్చు. క్రిస్టెన్‌సెన్ 1977లో రూపొందించిన ఈ పద్ధతి ఫైలును 128 బైట్ల ముక్కలుగా పంపుతూ ఒక్కొక్కదాన్ని సరిచూస్తుంది. తప్పు దొర్లిన ముక్కను మళ్లీ పంపుతుంది.

ఆలస్యం మాత్రం పనికిరాదు. లోపలి నికెల్ క్యాడ్మియం బ్యాటరీ కారి సర్క్యూట్ బోర్డును తినేస్తుంది. మోడల్ 100 వంటి వాటిలో దస్త్రాలన్నీ మెమరీలోనే ఉంటాయి గనుక బ్యాటరీతో పాటే అవీ పోతాయి. ఏళ్ల తరబడి వాడని అడాప్టరును ముందుగా మెకానిక్‌తో పరీక్ష చేయించాలి. టెల్‌నెట్‌లో సమాచారం దాపరికం లేకుండా ప్రయాణిస్తుంది. బ్యాంకుకు, ఈ-మెయిల్‌కు వాడే పాస్‌వర్డ్‌ను బోర్డులో ఎన్నడూ ఇవ్వరాదు.

పాత యంత్రాన్ని ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించే ముందు ఒక్కసారి తెరిచి చూడడం మంచిది. యంత్రం పోతే మరొకటి కొనుక్కోవచ్చు, అందులోని రాతలు పోతే తిరిగి రావు.