నేల మీది నుంచి లేచే బలం

తాలింఖానా అనే మాట గోదావరి జిల్లాల వారికి కొత్తది కాదు. దసరా రోజుల్లో అమలాపురం వీధుల్లో కర్రలు, కత్తులు తిప్పుతూ సాగే చెడీ తాలింఖానాను చూడటానికి కోనసీమ పల్లెల నుంచి జనం తరలివస్తారు. ఈ మాటలోని ‘తాలీం’ అరబ్బీ పదం. బోధన అని దాని అర్థం. మద్రసాలో మేము నిత్యం పలికే మాట అది. ‘ఖానా’ అంటే పారశీకంలో ఇల్లు. బోధన జరిగే ఇల్లు అనే ఈ పేరును తెలుగువారు సాముగరిడీలు నేర్పే చోటుకు పెట్టుకున్నారు. దేహానికి సైతం చదువు చెప్పవలసి ఉంటుందన్న ఎరుక ఆ పేరులోనే ఇమిడి ఉంది.

ఆ చదువు కాళ్లతో మొదలవుతుంది. కర్ర తిప్పేవాడు మోకాళ్లు వంచి, నడుము దించి నిలబడతాడు. ముందుకు దూకినా, ఒక్కసారిగా ఆగినా భారమంతా పిరుదుల మీద, తొడల మీద పడుతుంది. బస్కీలు తీయడం సాముకు పునాది కావడానికి కారణం ఇదే.

మానవ శరీరంలో అన్నిటికంటే పెద్ద కండరం పిరుదులోనే ఉంది. దాని దిగువన, తొడ వెనుక భాగాన మూడు పొడవైన కండరాలు ఉంటాయి. కూర్చున్నప్పుడు నేలకు ఆనే ఎముక వద్ద మొదలై, మోకాలిని దాటి, దిగువ కాలి ఎముకలను అవి పట్టుకుంటాయి. వైద్యులు వీటిని హామ్‌స్ట్రింగ్స్ అంటారు. వంగిన తుంటిని నిటారు చేయడం ఈ రెండింటి ఉమ్మడి పని. మెట్లెక్కినా, బిందె ఎత్తినా, రుకూ నుంచి నిటారుగా నిలిచినా శ్రమించేవి ఇవే. సజ్దా నుంచి ఖియాంకు లేచేటప్పుడు తొడ ముందరి కండరాలు కూడా వీటికి తోడవుతాయి.

మస్జిదుల్లో కుర్చీల సంఖ్య పెరగడం మనమందరం గమనిస్తున్నదే. వ్యాధిగ్రస్తులకు, గాయపడినవారికి కుర్చీ ఒక సౌలభ్యం. దానిని ఆక్షేపించే హక్కు ఎవరికీ లేదు. అయితే నేల మీద కూర్చుని లేవలేకపోవడానికి మోకాలి నొప్పి ఒక్కటే కారణమని అనుకోరాదు. వాడకం లేక కండరం క్షీణించడం కూడా ఒక కారణం. ఇంట్లో దాదీ, నానీలు మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి మాత్రమే మారుతూ ఉంటే ఆ బలం నానాటికీ తరిగిపోతుంది. పిదప ఒకనాడు స్నానాల గదిలో కాలు జారితే నిలదొక్కుకోలేరు. వృద్ధాప్యంలో తుంటి ఎముక విరిగితే ఆ కుటుంబం పడే కష్టం ఎంతటిదో మనకు తెలుసు.

పొలం పని చేసేవారికి ఈ వ్యాయామం అక్కర లేదనుకోవడం కూడా సరికాదు. మన డెల్టాలో నాట్లు వేసే స్త్రీలు గంటల తరబడి వంగే ఉంటారు. ఆ భంగిమలో తొడ వెనుక కండరాలు సాగి ఉంటాయి, నడుము అలసిపోతుంది. కండరం బలపడాలంటే భారాన్ని ఎదుర్కొని ముడుచుకోవాలి, ఆ భారం క్రమంగా పెరగాలి, నడుమ తగినంత విశ్రాంతి దొరకాలి.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించారు. చూసేవారికి అది చేతుల బలంగా తోస్తుంది. నిజానికి నేల మీది బరువును మొదట కదిలించేవి కాళ్లూ తుంటీ. ఇంట్లో నీళ్ల బిందె ఎత్తడానికి కూడా సూత్రం అదే.

జిమ్ముతో పని లేకుండా, ఇంట్లో ఒక గది చాలే వ్యాయామాలు నాలుగు చెబుతాము.

ఒకటి: గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు రొమ్ముకు అడ్డంగా పెట్టుకుని, నిలుచుని మళ్లీ మెల్లగా కూర్చోవాలి. ఇది పరీక్ష కూడా. 65–69 ఏళ్ల వారిలో 30 సెకన్ల వ్యవధిలో పురుషులు 12 సార్లు, స్త్రీలు 11 సార్లు లేవలేకపోతే, వారికి పడిపోయే ముప్పు ఎక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ కొలమానం చెబుతుంది.

రెండు: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులు బిగించి నడుమును పైకి ఎత్తాలి. మూడు లెక్కించి దించాలి.

మూడు: సగం నీళ్లున్న బకెట్‌ను రెండు చేతులతో పట్టుకుని, వెన్ను వంగకుండా, మోకాళ్లు కొద్దిగా వంచి, పిరుదులు వెనక్కి నెట్టి తుంటి దగ్గర వంగాలి. తొడ వెనుక బిగువు తెలియగానే నిటారు కావాలి.

నాలుగు: గోడ పట్టుకుని, తక్కువ ఎత్తున్న మెట్టు మీదికి ఒక్కో కాలితో ఎక్కి దిగాలి.

ఒక్కొక్కటి 8 నుంచి 10 సార్లు, రెండు విడతలు చాలు. ఊపిరి బిగబట్టరాదు. తేలికయ్యాక నీళ్లు పెంచండి, కుర్చీ ఎత్తు తగ్గించండి. కండర బలాన్ని పెంచే వ్యాయామం పెద్దలు వారానికి కనీసం 2 రోజులు చేయాలనీ, 65 ఏళ్లు దాటినవారు తూలిపడకుండా నిలిచే అభ్యాసాన్ని కూడా చేర్చి 3 రోజులు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. గుండె జబ్బు ఉన్నవారు, తుంటికో మోకాలికో శస్త్రచికిత్స జరిగినవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. సూదితో పొడిచినట్టు నొప్పి కలిగితే ఆపివేయాలి.

వయసు మీరిపోయిందని నిరాశ చెందనవసరం లేదు. 1990లో అమెరికాలో 90 ఏళ్ల వయసు గల కొందరు బలహీనులైన వృద్ధులతో తొడ కండరాల వ్యాయామం చేయించగా, 8 వారాల్లోనే వారి కండర బలం సగటున రెట్టింపును మించింది. మన ఇళ్లలోని పెద్దలను చేయి పట్టి లేపడం మన బాధ్యతే. వారంతట వారే లేవగలిగే బలాన్ని వారికి తిరిగి సమకూర్చడం అంతకంటే ఉత్తమమైన సేవ. ఈ వారమే వారి పక్కన మనమూ ఒక కుర్చీ వేసుకుని మొదలుపెడదాం.