భీమిలిని పొద్దున్నే చూడాలి

విశాఖపట్నం నుంచి సముద్రం పక్క రోడ్డు పట్టుకుని ఉత్తరంగా పాతిక కిలోమీటర్లు దాటి వెళ్తే భీమునిపట్నం వస్తుంది. జనం నోట అది భీమిలి. ఆదివారం సాయంత్రం వచ్చి, బీచ్‌లో గంటసేపు గడిపి, కాల్చిన మొక్కజొన్న పొత్తు తిని వెళ్లిపోయేవాళ్లకు ఈ ఊరు సగం కూడా కనబడదు. సాయంత్రపు భీమిలి సందర్శకులది. పొద్దుటి భీమిలి జాలర్లది. ఊరు తెలియాలంటే ఆ పొద్దుటి వేళకే రావాలి.

చీకటి ఉండగానే వేటకు వెళ్లిన పడవలు పొద్దెక్కేసరికి ఒడ్డు చేరతాయి. ఒకప్పుడు ఇక్కడ దుంగలు కట్టిన తెప్పలుండేవి. ఇప్పుడు ఎక్కువగా ఇంజన్ బిగించిన ఫైబర్ బోట్లే. బోటును ఇసుక మీదికి లాగుతుండగానే ఆడవాళ్లు గంపలతో చుట్టూ మూగుతారు. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, వేట బాగా సాగిన రోజున వంజరం, చందువా కూడా. వేలం పాట అక్కడే, తడి ఇసుకలోనే. పాడుకున్న చేపను ఊళ్లోకి తీసుకెళ్లి అమ్మేదీ, మిగిలినదాన్ని ఉప్పు పట్టించి ఎండబెట్టేదీ ఆ ఆడవాళ్లే. మగవాళ్లు మాత్రం చిరిగిన వలలు ముందేసుకుని కూర్చుంటారు.

ఒడ్డు నుంచి లాగే పెద్దవల కంటబడితే కాసేపు ఆగి చూడాలి. పడవలో వెళ్లి వలను సముద్రంలో అర్ధచంద్రాకారంలో దించుతారు. దాని రెండు కొసల తాళ్లను రెండు జట్లు ఒడ్డున నిలబడి లాగుతాయి. చేప దొరికినా దొరక్కపోయినా చాకిరీ ఒకటే.

వేసవి సెలవుల్లో వచ్చేవాళ్లకు ఈ సందడి బాగా తక్కువ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతటా మరబోట్ల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధమది.

ఈ ఊరికి ఇంత చరిత్ర రావడానికి కారణం గోస్తనీ నది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం దాటి వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమాన్ని చూసే 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ స్థావరం వేసుకున్నారు. ఉత్తరాంధ్ర నేత బట్టలు ఇక్కడి నుంచే ఓడలెక్కేవి. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. తీరానికి దగ్గర్లోనే డచ్చివాళ్ల శ్మశానం ఇప్పటికీ ఉంది. ఇల్లూ వాకిలీ వదిలి ఇంత దూరం వచ్చి ఇక్కడే కన్నుమూసినవాళ్ల సమాధులవి. 1861లోనే మునిసిపాలిటీ అయిన భీమిలి, దేశంలోని తొలితరం పురపాలక సంఘాల్లో ఒకటి. ఇప్పుడది మహా విశాఖ నగరంలో భాగం. పాత లైట్‌హౌస్, గడియార స్తంభం ఓడరేవు రోజులకు గుర్తులు. రైలు మార్గం భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా విశాఖలోని వాల్తేరుకు వెళ్లిపోయింది. 1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది. సరుకంతా అటు మళ్లడంతో భీమిలికి వేట ఒక్కటే మిగిలింది.

ఊరి వెనకున్న పావురాళ్లకొండ ఎక్కితే కథ మరో రెండు వేల ఏళ్లు వెనక్కి పోతుంది. బౌద్ధ భిక్షువులు వానాకాలం నీళ్లు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు అక్కడ కనబడతాయి. కొండవాలులో నరసింహస్వామి గుడి ఉంది. పైనుంచి చూస్తే నది, ఊరు, సముద్రం ఒక్క చూపులో అందుతాయి. ఎండ ముదరకముందే ఎక్కి దిగడం మేలు.

తిరుగు ప్రయాణంలో తప్పక ఆగాల్సిన చోటు ఎర్రమట్టి దిబ్బలు. సముద్ర మట్టం పెరుగుతూ తగ్గుతూ వచ్చిన యుగాల్లో, వేల సంవత్సరాల పాటు గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక అది. అందులోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఆ ఎరుపు వచ్చింది. వాన నీరు కోసి కోసి లోతైన లోయలు, నిట్టనిలువు గోడలు చేసింది. ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో కొద్ది చోట్లే ఉంది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా 2014లో గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కింది. అయితే ఈ గోడలు రాయి కావు, గట్టిపడిన ఇసుక. అంచుల మీదికెక్కితే కూలిపోతాయి, మనిషికీ ప్రమాదమే.

సముద్రంతోనూ జాగ్రత్త అవసరం. నది కలిసే చోట లోతు, ప్రవాహం రోజుకో తీరుగా మారుతుంటాయి. స్నానానికి దిగేముందు ఏ చోటు మంచిదో జాలర్లను అడగండి. ఆరేసిన వలలను తొక్కకండి, వేలం పాటకు అడ్డం నిలబడి ఫోటోలు తీయకండి. ప్లాస్టిక్ సీసాలూ కవర్లూ ఇసుకలో వదిలేస్తే రేపు అవి వాళ్ల వలల్లోకే చేరతాయి. చేప కొనాలనిపిస్తే ఒడ్డునే కొనండి. మీరిచ్చే డబ్బు నేరుగా వేటకు వెళ్లొచ్చిన ఇంటికి అందుతుంది.